ఓజు పద్ధతిలో నేలబారు కెమెరా: పాత మండువా ఇంట్లో ఎట్టా సెట్ చేసుకోవాలి?

కావలి_కుర్రోడు:

కావలి పక్కన పల్లెలో పాత మండువా ఇల్లు ఒకటి రెండు రోజులకు ఇస్తామన్నారు. పదిహేను నిమిషాల షార్ట్ ఫిలిం తీస్తా ఉండాం. తండ్రి, పెళ్లీడుకొచ్చిన కూతురు, తండ్రికి అక్క, అంతే మనుషులు. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు మాదిరి కెమెరాను నేలబారున పెట్టి, కదపకుండా తీయాలని ఆలోచన.

దగ్గరుండేది ఏపీఎస్-సి సైజు సెన్సర్ (బొమ్మ పడే పలక) ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 జూమ్ (కిట్ లెన్స్), ఒక 50 ఎం.ఎం. ప్రైమ్ (జూమ్ లేని లెన్స్). పడసాల 11 బై 14 అడుగులు. దాని ముందర 8 అడుగుల వసారా, వసారా దాటితే నడవాకిలి. కింద ఎర్ర గచ్చు, రెడ్ ఆక్సైడ్.

సందేహాలు ఇవి. కెమెరా ఎత్తు ఒకరు అడుగంటారు, ఒకరు మూడడుగులంటారు, ఏది నిజం? 50 పెడితే పడసాలలో కూచున్న మనిషి కూడా పట్టటం లేదు. మాట్లాడేటప్పుడు చూపు లెన్స్‌లోకా, పక్కకా? సీనుకీ సీనుకీ మధ్య మనుషుల్లేని షాట్లు ఏం తీయాలి, ఎంతసేపు ఉంచాలి? తెలిసినోళ్లు కొంచెం వివరంగా చెప్పండన్నా.

పెన్నాగట్టు:

ముందు లెన్స్ సంగతి తేల్చుకుంటే ఎత్తు దానంతటదే తేలుతుంది.

ఓజు 50 ఎం.ఎం. వాడాడన్నది నిజమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తీసినవన్నీ దాదాపు దాంతోనే. కానీ ఆయన 50 వేరు, మీ 50 వేరు. ఆయన ఫిల్ము మీద బొమ్మ సుమారు 22 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. ఎత్తు. మీ సెన్సర్‌లో 16:9 వీడియోకు వాడుకలోకి వచ్చేది 23.5 వెడల్పు, 13.2 ఎత్తు. వెడల్పు తెర సినిమాస్కోప్ వచ్చాక కూడా ఓజు ఆ జోలికి పోలేదు, చివరిదాకా 1.37 వెడల్పుకు 1 ఎత్తు అనే పాత ఫ్రేములోనే ఉన్నాడు. మీరూ ఆ ఆకారానికి కోస్తే మిగిలే వెడల్పు 18 మి.మీ. మాత్రమే. ఆయన 50తో చూసినంత మీకు కనపడాలంటే 41 కావాలి. ప్రైమ్ సంచిలో పెట్టేసి, కిట్ లెన్స్‌ను 40 దగ్గర నిలిపి, జూమ్ రింగు తిరక్కుండా టేపు చుట్టేయండి. ఇక రెండు రోజులూ దాన్ని ముట్టుకోవద్దు. కొన్ని కెమెరాలు 4కే వీడియో పెడితే బొమ్మను ఇంకాస్త కోస్తాయి. అది చూసుకుని అంత మేర లెన్స్ తగ్గించండి. స్క్రీన్ మీద రెండు పక్కలా నల్ల టేపు అంటించుకుంటే ఫ్రేము తెలుస్తుంది. ఎడిటింగ్‌లో 1920 బై 1080ని 1480 బై 1080కి కోయడమే.

ఇప్పుడు లెక్క. ఆ లెన్స్‌తో 10 అడుగుల దూరంలో కనపడేది 4.4 అడుగుల వెడల్పు, 3.2 అడుగుల ఎత్తు. బాసింపట్టు వేసుకుని కూచున్న పెద్దమనిషి నెత్తి నేల నుంచి దాదాపు 35 అంగుళాల్లో ఉంటుంది. ఫ్రేము ఎత్తు 38 అంగుళాలు. లెన్స్ మధ్యబిందువు నేల నుంచి 18 అంగుళాల్లో పెట్టి, కెమెరాను పైకీ కిందికీ వంచకుండా సమంగా ఉంచితే మనిషి పూర్తిగా పడతాడు, నెత్తి మీద రెండంగుళాలు మిగులుతుంది, కింద చాప అంచు కూడా కనపడుతుంది. అంటే అడుగున్నర. నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి, స్తంభాలు లోపలికి వాలవు.

దగ్గరికి జరిగితే ఇదే ఎత్తు పనికిరాదు. 6 అడుగుల దూరంలో ఫ్రేము ఎత్తు 23 అంగుళాలే. 18లో ఉంచితే నెత్తి తెగుతుంది. అప్పుడు లెన్స్‌ను 24, 25 అంగుళాలకు లేపాలి, వంచకూడదు. ఓజు కెమెరా ఎప్పుడూ చాప మీద కూచున్న మనిషి కంటి ఎత్తులో ఉంటుందని రాసేస్తుంటారు, అది సరికాదు. ఆ కంటికన్నా కిందే ఉంటుంది, పైగా ఎదుట ఉన్నదాన్ని బట్టి మారుతుంది. మనిషి నిలబడితే కెమెరా లేస్తుంది, కుర్చీలో కూచుంటే ఇంకో ఎత్తు. మారనిది ఒక్కటే: ఎదుటి మనిషి కన్నా కెమెరా కిందనే ఉండాలి. మీతో అడుగు అన్నవాళ్లదీ, మూడడుగులు అన్నవాళ్లదీ రెండూ సగం నిజాలే.

పడసాలలో నిలబడితే మీకు దూరం చాలదు. కెమెరాను వసారాలోకి తెచ్చి, ద్వారబంధం గుండా లోపలికి తీయండి. 14 అడుగుల కొలత వసారా వైపు ఉంటే వెనక గోడ దాకా 20 అడుగులు వస్తుంది. ఓజు ఇళ్లలో తలుపు చట్రాలు ఒకదాని లోపల ఒకటి కనపడేది ఇందుకే. ఆయనకు స్టూడియో సెట్టు, గోడ అడ్డమైతే తీసేసేవాళ్లు. మనకు ఆ వీలు లేదు గాబట్టి ఎదురు షాట్ కోసం వంటింటి గుమ్మమో, వెనక తలుపో తెరిపించుకోండి. నిలబడ్డ మనిషి కాళ్ల దగ్గర్నుంచి నెత్తిదాకా పడాలంటే దాదాపు 19 అడుగుల దూరం కావాలి, అది నడవాకిట్లో తప్ప దొరకదు. గదిలో ఎవరైనా లేచి నిలబడితే తల ఫ్రేము దాటిపోనీయండి, కెమెరాను పైకి వంచి (టిల్ట్ చేసి) వెంటబడొద్దు.

స్టాండు విషయం. మామూలు ట్రైపాడ్ కాళ్లు ముడిచినా నడుమ కడ్డీ అడ్డమొచ్చి 18 అంగుళాలకు దిగదు. కడ్డీ ఊడదీసి కాళ్లు వెడల్పుగా పరిచే రకమైతే దిగుతుంది. లేకపోతే పీట, దాని మీద ఇసుక సంచి, ఆ పైన కెమెరా. ఎత్తు సరిపోకపోతే పీట కింద ఇటుకలు. ఓజు బృందం దీనికోసమే పొట్టి కాళ్ల స్టాండు చేయించుకుంది, పీత అని ముద్దుపేరు. కెమెరామన్ యుహారు అత్సుతా ఏళ్ల తరబడి దాని వెనక బోర్లా పడుకునే పనిచేశాడు. మీ కెమెరామన్ మెడ గురించి కూడా ఆలోచించి, మడత తెర ఉన్న కెమెరా అయితే బాగుంటుంది.

ఒంగోలు_రీలు:

పెన్నాగట్టు గారు చెప్పిన కొలతలకు ఒక్క చేర్పు. అపర్చరు (లెన్స్‌లో వెలుగు వచ్చే కన్నం) 5.6 పెట్టండి. 10 అడుగుల దగ్గర ఫోకస్ చేస్తే ముందు దాదాపు రెండడుగులు, వెనక రెండడుగుల పైచిలుకు పదునుగా ఉంటుంది. వెనకాల కూజా ఏదో, తలుపు ఏదో తెలియాలి. ఈ కాలం పిల్లలు వెనకంతా మసకబార్చి సినిమా లుక్ అంటారు, ఇక్కడ అది చేస్తే ఇల్లే మాయమైపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ గనక సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 సెకను. లేకపోతే ట్యూబులైటు కింద పట్టీలు కదులుతాయి.

చూపుల సంగతి. మామూలు పద్ధతిలో ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకుని, కెమెరా ఆ గీతకు ఒకే పక్కన ఉంటుంది. అందుకే ఒకరు తెర మీద కుడికి, ఒకరు ఎడమకు చూస్తారు. ఓజు ఆ గీతను లెక్కచేయడు. తండ్రి షాట్ అయ్యాక కెమెరా పూర్తిగా అవతలికి వెళ్లి కూతుర్ని తీస్తుంది. ఇద్దరూ దాదాపు లెన్స్ వైపే, కొద్దిగా ఒకే పక్కకు చూస్తుంటారు. ఇద్దరి తలలు ఫ్రేములో అదే చోట, అదే సైజులో ఉంటాయి. కట్ అయినప్పుడు మనిషి మారతాడు, బొమ్మ ఆకారం మారదు. అదీ ఆ కిటుకు.

చేయడం ఇట్టా. ఎదుటి నటుణ్ణి లేపేసి ఆ చోట కెమెరా పెట్టండి. లెన్స్‌కు ఎడమ పక్కన మూడంగుళాల దూరంలో ఒక బొట్టుబిళ్ల అంటించిన కర్ర నిలబెట్టండి. బిళ్ల లెన్స్ ఎత్తులో ఉండకూడదు, నటుడి కంటి ఎత్తులో ఉండాలి. చాప మీద కూచున్నవాళ్ల కన్ను 30 అంగుళాల దగ్గర ఉంటుంది, లెన్స్ 24లో ఉంటుంది. బిళ్లను లెన్స్ పక్కనే అంటిస్తే నటుడు నేల చూస్తున్నట్టు వస్తుంది, ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. కూతురి షాట్‌కూ బిళ్ల ఎడమ పక్కనే. ఒకరికి ఎడమ, ఒకరికి కుడి పెట్టారంటే అది మామూలు సినిమా అయిపోతుంది. తండ్రి షాట్ తీసేటప్పుడు తెర మీద కళ్లూ, గడ్డం ఎక్కడ పడ్డాయో టేపు ముక్కలతో గుర్తు పెట్టుకుని, కూతుర్ని ఆ గుర్తుల్లోకి తేవాలి. ఆమె పొట్టి అయితే కింద దిండు వేయండి, కెమెరా దించకండి.

ఈ కట్లు చూసేవాళ్లకు మొదట్లో ఒక చిన్న కుదుపు ఇస్తాయి. దానికి ముందు ఇద్దరూ కనపడే దూరపు షాట్ ఒకటి తప్పకుండా ఉండాలి, ఎవరు ఎక్కడ కూచున్నారో తెలిసిపోతే కుదుపు సర్దుకుంటుంది.

ఇంకోటి. సామాన్లు ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ ఖచ్చితంగా అదే చోట ఉండాలని కంటిన్యుటీ వాళ్లు కొట్లాడతారు. ఓజు ఫైండర్‌లో చూస్తూ గ్లాసును, సీసాను ప్రతి షాట్‌కూ జరిపించేవాడు, ఆ ఫ్రేముకు ఏది బాగుంటే అది. చెంబు నాలుగంగుళాలు జరిగితే ఎవరికీ తెలీదు. చెంబు తండ్రి మోకాలిని కప్పేస్తే మాత్రం అందరికీ తెలుస్తుంది.

కావలి_కుర్రోడు:

చాలా థ్యాంక్స్ అన్నా, ఇయ్యాల్టికే పీటలు వెతకతా ఉండా. ఒక డౌటు. చివర్లో పెళ్లి ఉంది. పందిరి, నాదస్వరం, అప్పగింతల్లో తండ్రి ఏడవటం. అక్కడొక్కచోట డ్రోన్ షాట్ ఒకటీ, ట్రాలీ ఒకటీ పెట్టుకోవచ్చా? నిర్మాత డ్రోన్ కావాల్సిందేనని పట్టుబడతా ఉండాడు.

పాతరీలు_పంతులు:

అబ్బాయ్, పెళ్లి తీయొద్దు. డ్రోన్ మాట తర్వాత.

ఎత్తులూ చూపులూ అందరూ పట్టుకుంటారు. ఓజు దగ్గర అసలు కష్టమైన విద్య వదిలేయడం. 1949లో వచ్చిన లేట్ స్ప్రింగ్ కథ అచ్చం మీ కథే. తండ్రిగా నటుడు చిషు ర్యు, పెళ్లి ఇష్టంలేని కూతురుగా నటి సెత్సుకో హారా, మధ్యలో మేనత్త. సినిమా అంతా ఆ పెళ్లి గురించే. అయినా పెళ్లి చూపించడు. పెళ్లికొడుకు మొహం ఒక్క ఫ్రేములో కూడా ఉండదు. పెళ్లిబట్టల్లో కూతురు గదిలోంచి లేచి వెళ్తుంది, తర్వాత అద్దం ఉన్న ఆ ఖాళీ గది. ఆ తర్వాత తండ్రి ఒక్కడే ఇంటికొస్తాడు. ఆయనదే టోక్యో స్టోరీ సినిమాలో తల్లి ప్రాణం పోవడం కూడా అంతే. రాత్రి నేల మీద పరుపు చుట్టూ పిల్లలు, కట్, తెల్లారి ఊరి రేవు, ఖాళీ వీధులు, మళ్లీ ఇంట్లోకొచ్చేసరికి అయిపోయింది.

మీ పదిహేను నిమిషాల్లో పందిరికి మూడు నిమిషాలు పోతే, దానికి ఖర్చు, జూనియర్ ఆర్టిస్టులు, నాదస్వరం వాళ్లు, పైగా చూసినవాడికి అది తన బంధువుల పెళ్లి వీడియోలాగే ఉంటుంది. ముందురోజు రాత్రి పడసాలలో సర్దిన పెట్టె, తర్వాత పెట్టె లేని పడసాల. చాలు. మిగిలిన మూడు నిమిషాలూ తండ్రికి ఇవ్వండి. తండ్రి ఏడవక్కర్లేదు కూడా.

ట్రాలీ గురించి. కెమెరా కదలకూడదన్నది ఆయన పుట్టుకతో తెచ్చుకున్న నియమం కాదు. ఓజు 1903లో టోక్యో ఫుకగావాలో పుట్టాడు, 1923లో షోచికు కంపెనీ కమతా స్టూడియోలో కెమెరా అసిస్టెంటుగా చేరాడు, 1927లో మొదటి సినిమా. కుర్రతనంలో హాలీవుడ్ పిచ్చి బాగా ఉన్నవాడు. 1932 నాటి మూకీ ఐ వాజ్ బార్న్ బట్ చూడండి, కెమెరా బడిలో వరసగా కూచున్న పిల్లల పక్కనా, ఆఫీసులో ఆవలించే గుమాస్తాల పక్కనా జారుకుంటూ పోతుంది, హాస్యం కోసం. తర్వాత ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. సీన్ల మధ్య డిజాల్వులు (ఒక బొమ్మ కరిగి ఇంకోటి తేలడం) పోయాయి. టోక్యో స్టోరీ నాటికి కెమెరా కదిలేది ఒకట్రెండు చోట్లే. 1958 నుంచి తీసిన ఆరు రంగుల సినిమాల్లో అదీ లేదు. కాబట్టి ఒక్క ట్రాలీ వాడినా పాపం కాదు, కానీ ఒక్కటే వాడితే జనం కన్ను దాని మీదే పడుతుంది. అంత బరువు మొయ్యగల చోటు మీ కథలో ఉందేమో చూసుకోండి. డ్రోన్ మాత్రం నిర్మాతకు మేకింగ్ వీడియోలో ఇచ్చేయండి.

స్క్రిప్టు కూడా ఇప్పుడే బిగించుకోండి. ఓజు, రచయిత కోగో నోదా కలిసి చిగసాకిలో ఒక సత్రంలోనో, తర్వాత్తర్వాత తతేషినా కొండల్లోనో కూచుని నెలల తరబడి మాటలు రాసుకునేవారు, తాగుతూనే. సెట్టు మీద ఒక్క ముక్క మారేది కాదు. నటులు చేతులు ఎప్పుడు కదపాలో, గ్లాసు దించాక ఎంతసేపటికి తల తిప్పాలో కూడా ఆయనే చెప్పేవాడు, స్టాప్‌వాచ్ దగ్గర పెట్టుకుని. మన నటులకు అన్నం కలుపుతూ మాట్లాడటం అలవాటు. ముద్ద కలపడం పూర్తవనీ, చెయ్యి ఆగనీ, అప్పుడు మాట. మాట పూర్తయ్యాక అర సెకను ఊరుకుని కట్. అంతే తేడా, కానీ రిహార్సల్ లేకుండా రాదు. షూటింగ్‌కు ముందే మూడు పూటలు చాప మీద కూచోబెట్టి చేయించండి.

ఓజు అనగానే జెన్, మౌనం, ధ్యానం అని మొదలుపెట్టేవాళ్ల మాట పట్టించుకోకండి. గుడ్ మార్నింగ్ అని 1959 సినిమాలో సగం హాస్యం పిల్లకాయలు పందెం వేసుకుని పిత్తడం మీద నడుస్తుంది.

గూడూరు_గేటు:

మనుషుల్లేని షాట్ల గురించి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి.

వీటిని అందమైన దృశ్యాలనుకుని సూర్యాస్తమయం, కొబ్బరిచెట్లు తీస్తే పని చెడుతుంది. అవి ఒక చోటి నుంచి ఇంకో చోటికి అంచెలుగా నడిపిస్తాయి. ఒక షాట్‌లో వెనకాల చిన్నగా కనపడ్డ వస్తువు తర్వాతి షాట్‌లో ముందుకొస్తుంది, దాని వెనక ఇంకోటి. ఓజు ఫ్లోటింగ్ వీడ్స్ సినిమా మొదట్లో రేవు దగ్గర ముందు ఒక సీసా, వెనక దీపస్తంభం, రెండూ ఒకే సైజులో కనపడేట్టు పెట్టాడు. తర్వాతి షాట్లలో ఆ దీపస్తంభమే ఒక్కో చోటి నుంచి కనపడుతూ ఊళ్లోకి తీసుకొస్తుంది. మీకు రామాయపట్నం దీపస్తంభం దగ్గర్లోనే ఉంది గానీ, కథకు సముద్రంతో పని లేకపోతే అంత దూరం వద్దు.

ఇంటి చుట్టూనే చూసుకోండి. దండెం మీద పంచె, దాని వెనక దూరంగా రైలు కట్ట. తర్వాత రైలు కట్ట మీద గూడ్సు, దాని అవతల బడి గోడ. తర్వాత బడి గోడ. అప్పుడు బళ్లో పనిచేసే కూతురు. స్టేషన్ లోపలికి కెమెరాతో వెళ్తే పర్మిషన్ గొడవ, బయట రోడ్డు మీంచి గేటు దగ్గర తీసుకుంటే సరిపోతుంది. ప్రకాశం వైపు ఎవరైనా ఇదే చేస్తుంటే పొగాకు బ్యారన్లు (ఆకు కాల్చే కొట్లు) వదలొద్దు. ఓజు ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఎన్ని వాడాడో లెక్కలేదు, ఆకు కాల్చే రోజుల్లో బ్యారన్ పొగగొట్టం అంతకన్నా ఏం తక్కువ కాదు.

నిడివి ఐదారు సెకన్లు. మూడు షాట్లుంటే మూడూ ఒకే నిడివి. ఒకటి మూడు సెకన్లు, ఒకటి పది ఉంటే అది మాంటేజ్ అయిపోతుంది. షాట్‌లో ఏదో ఒకటి కదులుతుండాలి, పంచె అంచు గానీ పొగ గానీ. లేకపోతే ఫొటో అనుకుంటారు. తీసేటప్పుడు మాత్రం ఒక్కొక్కటి ముప్పై సెకన్లు తిప్పండి, గాలి మీ చెప్పుచేతల్లో ఉండదు.

ఎర్ర గచ్చు పెద్ద తలనొప్పి. కెమెరా కిందికి దిగేకొద్దీ గచ్చు ఫ్రేములో పెరుగుతుంది, పైగా నడవాకిలి వెలుగు దాని మీద పడి గడ్డం కింద ఎర్రగా కొడుతుంది. ఫ్రేము బయట, నటుడి ముందర తెల్ల దుప్పటి పరవండి, మొహం మీద ఎరుపు చాలావరకు పోతుంది. ఫ్రేములో కనపడే చోట చాపలు వేయండి, కొత్త ప్లాస్టిక్ చాపలు కాదు, మెరుస్తాయి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టొద్దు. ఆటో ఆ ఎరుపును చూసి మొత్తం ఆకుపచ్చ, నీలం కలిసిన రంగులోకి తిప్పేస్తుంది, అదీ ఒక్కో షాట్‌కు ఒక్కో రకంగా. 5200 కెల్విన్ దగ్గర కట్టేయండి. లోపల బల్బులు ఆర్పేసి పగటి వెలుగే వాడుకోండి. పొద్దున ఎనిమిది నుంచి పది, సాయంత్రం మూడున్నర నుంచి ఐదు. మధ్యాహ్నం నడవాకిట్లో ఎండ పలక తెల్లగా కాలిపోతుంది, అప్పుడు వసారాకు వీపు పెట్టి లోపలి షాట్లు మాత్రం తీసుకోవచ్చు.

ఓజు రంగులకు వచ్చినప్పుడు అగ్ఫా ఫిల్ము ఎంచుకున్నది ఎరుపు బాగా పలుకుతుందనే. ఈక్వినాక్స్ ఫ్లవర్‌లో ఎర్ర కెటిల్ ఒక్కో గదిలో ఒక్కో మూల కనపడుతూనే ఉంటుంది. ఆయన ఎర్ర వస్తువు కంటికి ఆనేది అంతకుముందు ఫ్రేములో ఎరుపు లేదు కాబట్టి. మీ ఇంట్లో నేలే ఎరుపు, ఇక ఎర్ర ఫ్లాస్కు పెట్టినా తెలీదు. మీరు ఆకుపచ్చ ఎంచుకోండి. ఒక పాత ఎనామిల్ గిన్నె చాలు.

ఒంగోలు_రీలు:

శబ్దం గురించి రెండు మాటలు. సీలింగ్ ఫ్యాన్ ఆపించండి, ఫ్రిజ్ ప్లగ్ తీసేయండి, మళ్లీ పెట్టడానికి గుర్తుగా కారు తాళం ఫ్రిజ్‌లో పడేయండి. మైకును పైనుంచి వేలాడదీయండి, ఈ ఫ్రేములో పైన చోటు తక్కువ గనక నెత్తికి అడుగు ఎత్తు దాకా దించొచ్చు. ఖాళీ పడసాలలో ఒక నిమిషం, వసారాలో ఒక నిమిషం ఉత్త శబ్దం రికార్డు చేసుకోండి. ఖాళీ షాట్ల కింద వేసేది అదే. సంగీతం పెడితే తేలికైనది పెట్టండి, తండ్రి ఒంటరిగా కూచున్నప్పుడు వయొలిన్ ఏడిపించొద్దు.

షెడ్యూలు ఇట్టా వేసుకోండి: మొదటి రోజు వసారా నుంచి పడసాలలోకి చూసే షాట్లన్నీ, ఏ సీనువైనా సరే. రెండో రోజు వంటింటి గుమ్మం నుంచి వసారా వైపు చూసేవి. కెమెరాను సీను వారీగా అటూ ఇటూ తిప్పుకుంటూ పోతే పీటలూ ఇటుకలూ కొలుచుకోవడానికే పూట గడిచిపోద్ది. ప్రతి సెట్టప్‌కూ లెన్స్ ఎత్తు, దూరం, బిళ్ల ఏ పక్కనుందో ఒక పుస్తకంలో రాయించండి. రెండో రోజు ఎదురు షాట్‌కు ఆ మూడు అంకెలూ కావాలి.